సెప్టెంబరు ఒకటికి ఇటూ అటూ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం, అనంతపురం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో మోకాళ్లు పట్టుకుని కూర్చున్న నా తోటి పెన్షనర్లకు, కుర్చీలు చాలక వెనక గోడ వెంట నిలబడిన ఉపాధ్యాయులకు నమస్కారం. పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ నాకిచ్చినది పదిహేను నిమిషాలు, గంట అధ్యక్షుల వారి చేతిలో ఉంది. ముప్పై రెండేళ్లు బడిలో గంట కొట్టించినవాణ్ణి, దాని విలువ తెలుసు.

నకారా అనే పింఛనుదారు వేసిన కేసులో వచ్చిన తీర్పు గురించి మాట్లాడమన్నారు. 1982 డిసెంబరు 17. పింఛను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఏటా మనం శాలువాలు కప్పుకునేది అందుకే. అయితే ఆ కేసు ఎందుకు వచ్చిందో మనం అంతగా చెప్పుకోం. కేంద్రం పింఛను లెక్కను మెరుగుపరిచింది, కానీ 1979 మార్చి 31 అని ఒక గీత గీసింది. ఆ తేదీకి ముందు రిటైరైనవాళ్లకు పాత లెక్క, తర్వాతివాళ్లకు కొత్త లెక్క. పింఛనుదారులందరూ ఒకటే, వాళ్ల మధ్య ఇలా తేదీతో గీత గీయడం చెల్లదని అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. ఆ గీత చెరిగినందుకు మనం పండగ చేసుకుంటున్నాం. బాగుంది. మరి మన కళ్ల ముందే ఇంకో గీత గీశారు కదా, దాని సంగతేమిటి?

2004 సెప్టెంబరు 1. ఆ రోజు నుంచి మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్లకు పాత పింఛను లేదు. జీతంలో పది శాతం కోత, ప్రభుత్వం వేసే వాటా, మార్కెట్లో పెట్టుబడి, చివర్లో వచ్చినంత. అదే సీపీఎస్, కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము. ఆ జీవో వచ్చిన నాటి మధ్యాహ్నం నాకు గుర్తుంది. అప్పుడు నేను ఈ జిల్లాలోనే ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. స్టాఫ్ రూములో నేనే పైకి చదివాను. అందరూ వింటున్నది తేదీ కోసమే. తేదీ రాగానే మా హిందీ పండితుడు "ఇది మనకు కాదులెండి" అని టీ గ్లాసు ఎత్తారు. నేను కాగితం మడిచి హాజరు పట్టీలో పెట్టాను. అంతే. మర్నాడు ధర్నా లేదు, నల్ల బ్యాడ్జీ లేదు. మా వాదనలన్నీ డీఏ ఎప్పుడు ఇస్తారన్న దాని మీదే.

ఇప్పుడు ఒక పని చేయండి. 2004 సెప్టెంబరుకు ముందు ఉద్యోగంలో చేరినవాళ్లు చేతులెత్తండి. సరే, సగం సభ ఎత్తింది. ఆ ఏడాది ఆ జీవో మీద రోడ్డెక్కినవాళ్లు తప్ప మిగతావాళ్లు దించండి. నేను కూడా దించుతున్నాను. ఎత్తిన చేతులు ఎన్నో లెక్క పెట్టనులెండి.

ఇలా ఎందుకు అడిగానంటే, ఈ మధ్య మనవాళ్ల నోట ఒక మాట తరచుగా వింటున్నాను. "ఈ కాలం పిల్లలకు పోరాటం తెలియదు, మా రోజుల్లో అయితేనా" అని. మా రోజుల్లో ఏం చేశామో ఇప్పుడే చూశారు.

పోయిన నెల ఒక సమావేశానికి నన్ను పెద్దమనిషిగా పిలిచారు. సీపీఎస్ రద్దు కోసం సమ్మె చేయాలా వద్దా అని ఇరవై మంది ఉపాధ్యాయుల చర్చ. ఒకావిడ స్కూల్ అసిస్టెంటు, 2003 డీఎస్సీ, అంటే ఆ ఏటి టీచర్ల నియామక పరీక్షలో ఎంపికైనావిడ. నోటిఫికేషన్ గీతకు ముందు వచ్చింది, నియామకం గీత దాటాక 2005లో అయింది. ఆలస్యం చేసింది ప్రభుత్వం, నష్టపోయింది ఆమె. నోటిఫికేషన్ 2003 డిసెంబరు 22కు ముందు వచ్చి ఉంటే పాత పింఛను కోరుకోవచ్చని కేంద్రం తన ఉద్యోగులకు 2023 మార్చిలో అవకాశం ఇచ్చింది. ఆ ఉత్తర్వునే మెమో 57 అంటారు, వీళ్లకు అది మంత్రంలాంటిది. ఆమె నిరవధిక సమ్మె తప్ప ఇంకేదీ వద్దన్నారు. "సెప్టెంబరు ఒకటిన విద్రోహ దినమని ఎన్నిసార్లు నల్ల బట్టలు కట్టుకోవాలి మాస్టారూ?" అని నన్నే అడిగారు.

ఆమె పక్కనే కూర్చున్న కుర్రవాడు ఎస్జీటీ, సెకండరీ గ్రేడ్ టీచరు. ఇంటి అప్పు ఉంది, తల్లికి డయాలిసిస్. నెల జీతం ఆగితే వాయిదా ఆగుతుంది. 2003లో తమిళనాడులో పింఛను ప్రయోజనాల కోత మీద సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బతో తొలగించారనీ, ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కే లేదని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో చెప్పిందనీ అతను చదువుకుని వచ్చాడు. అతనిది పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు.

మూడో ఆయన కళ్యాణదుర్గం వైపు ఒక ఏకోపాధ్యాయ పాఠశాల నడుపుతున్నారు. ఆయన మాట దగ్గర చర్చ కాసేపు ఆగిపోయింది. ఆ ఊళ్లో వేరుశనగ పోయిన ఏడాదల్లా తల్లిదండ్రులు బెంగళూరు పనులకు వెళతారు, పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. "నేను తాళం వేస్తే పిల్లలకు చదువు ఒక్కటే పోదు సార్, మధ్యాహ్నం అన్నం కూడా పోతుంది. ఆదివారాలు నిరాహార దీక్ష చేస్తాను, బడి మాత్రం మూయను" అన్నారు. వెంటనే ఎవరో "ఆదివారం దీక్షకు ప్రభుత్వం భయపడుతుందా?" అన్నారు. అదీ నిజమే. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడం మానేద్దామని ఇంకొకరు అన్నారు. దాని మీద అరగంట కేకలు. అదంతా ఇప్పుడు చెప్పను.

నా లెక్కల అలవాటు పోలేదు, నల్లబల్ల కూడా ఉంది కనుక ఒక్క లెక్క. ఇద్దరు మాస్టార్లు, ఇద్దరికీ చివరి మూల వేతనం 60,000. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు ఉన్నాయనకు 30,000 పింఛను, దాని మీద కరువు భత్యం, ఆయన పోతే భార్యకు కుటుంబ పింఛను. సీపీఎస్ ఆయన ఖాతాలో 20 లక్షలు జమ అయ్యాయనుకోండి. 12 లక్షలు చేతికి వస్తాయి. మిగతా 8 లక్షలతో యాన్యుటీ కొనాలి. ఆరు శాతం వస్తుందనుకుంటే నెలకు 4,000. దాని మీద కరువు భత్యం లేదు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే ఎక్కాలు చెప్పారు.

సీపీఎస్‌ను వారంలో రద్దు చేస్తామన్న హామీ 2019 ఎన్నికల్లో విన్నాం. 2023లో జీపీఎస్, అంటే గ్యారంటీడ్ పెన్షన్ స్కీము చట్టం చూశాం. సగం జీతం గ్యారంటీ అన్నారు, పది శాతం కోత మాత్రం ఉంచారు. కేంద్రం తెచ్చిన యూపీఎస్, యూనిఫైడ్ పెన్షన్ స్కీము కూడా అలాంటిదే. రాజస్థాన్ 2022లో పాత పద్ధతికి వెళ్లింది కానీ జమ అయిన డబ్బు తిరిగి ఇవ్వబోమని కేంద్రం అంది. దొరికినంత తీసుకుందామనే ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. వాళ్లను ద్రోహులు అనకండి.

ద్రోహం అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు, ఉపాధ్యాయులు తలపెట్టిన 'ఛలో విజయవాడ'కు ఈ ఊరి నుంచి కుర్రవాళ్లు బయలుదేరారు. పోలీసులు ఆపుతారని ఒకడు పెళ్లికి వెళుతున్నట్టు పట్టుపంచె కట్టుకున్నాడు. నా శిష్యుడే. పంచె నాదే, ఇంకా తిరిగి ఇవ్వలేదు. 6వ తేదీ అర్ధరాత్రి నుంచి సమ్మె అన్నారు. 5వ తేదీనే ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఉపాధ్యాయ సంఘాలు మాకు సమ్మతం కాదన్నాయి. ఆ రాత్రి ఆ పిల్లవాడు ఫోను చేసి "సార్, సీపీఎస్ రద్దు సంగతి ఏమైంది?" అన్నాడు. వాడు మళ్లీ సమ్మె అంటే నమ్మకపోవడంలో తప్పేముంది?

ఇంకో విషయం. 2013లో రాష్ట్రం విడిపోకూడదని మనం రెండు నెలలు సమ్మె చేశాం. టవర్ క్లాక్ దగ్గర రోడ్డు మీద వంటలు వండాం, పాఠాలు చెప్పాం. జీతం లేకుండా ఉండగలమని అప్పుడు తెలిసింది. ఆ శిబిరంలో సీపీఎస్ పిల్లలు మనతో పాటే కూర్చున్నారు. వాళ్ల పింఛను గురించి మైకులో ఒక్క మాట అన్నామా? నేను అనలేదు. మైకు నా చేతిలోనే ఉంది.

అదిగో గంట. రెండు నిమిషాలు, అధ్యక్షా.

నేను ప్రధానోపాధ్యాయుడినయ్యాక జీతాల బిల్లు మీద సంతకం నాదే. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొదటి జీతం చూసుకుని "సార్, ఈ పది శాతం ఏమిటి?" అని అడిగింది. "పొదుపమ్మా, నీకే మంచిది" అన్నాను. అబద్ధమని తెలుసు. ఎనిమిదేళ్లు ప్రతి నెలా ఆ బిల్లు మీద సంతకం పెట్టాను.

సమ్మె చేయాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు, ఓటు మనది కాదు. చేస్తే మాత్రం జీతాలు ఆగుతాయి. మనకు మాత్రం ఒకటో తారీఖు వస్తే పింఛను పడుతుంది. అందుకని ఒక నోటు పుస్తకం తెచ్చాను. సమ్మెలో దిగినవాళ్ల ఇంటి వాయిదాలకు, దిగని ఆ ఏకోపాధ్యాయుడి పిల్లలు ఆదివారం తినే అన్నానికి, రెండింటికీ ఒకటే పద్దు. మొదటి పేజీలో నా పేరు, ఎదురుగా నెలకు 3,000 అని రాశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఆవిడ మూడో వరుసలోనే ఉంది, ఇప్పుడే వింది.

పుస్తకం ఈ కుడి వైపు నుంచి బయలుదేరుతోంది. రాయనివాళ్లను ఎవరూ ఏమీ అనకండి. పెన్ను మాత్రం వెనక్కి పంపండి.