ఫోన్-ఇన్: బడి కమిటీ సంతకానికి ఎంత విలువ?

వ్యాఖ్యాత: నమస్కారం. బడి భవనాలు, వాటి విషయంలో కమిటీలు ఏం చేయగలవో ఈరోజు మాట్లాడుకుందాం. రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు మనతో ఉన్నారు. విజయనగరం జిల్లా నుంచి లైన్‌లో ఉన్నారు, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా పాప మూడో తరగతి, నేను స్కూల్ కమిటీలో మెంబర్‌ని. ఆ గది శ్లాబు పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నాయండీ, వానొస్తే పిల్లల్ని వరండాలో కూర్చోబెడుతున్నారు. మీటింగ్‌కి పిలుస్తారు, టీ ఇస్తారు, సంతకం పెట్టమంటారు, పైన ఏం రాశారో చదివేలోపు పుస్తకం పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతుంది. అసలు మా చేతిలో ఏముంది సార్?

అతిథి: ఆ పుస్తకమే ఉందమ్మా, ముందు దాన్ని వదలకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. ఇది అందరికీ తెలుసు. కానీ 22వ సెక్షన్ ఎవరూ తిరగేయరు, అసలు బలం అక్కడుంది. కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఆధారంగానే ప్రభుత్వం నిధులివ్వాలని అందులో ఉంది. మనవాళ్లేమో పక్క ఊరి బడి ప్రణాళిక తెచ్చి పేరు మార్చి పంపేస్తారు, 'గదులు అవసరం' అని ఒక్క ముక్క, అది చూసి ఎవరిస్తారు డబ్బులు?

కాలర్: మరి ఎలా రాయమంటారు?

అతిథి: చూసింది చూసినట్టు రాయండి. ఏ గది, శ్లాబులో ఏ మూల, ఎంత మేర ఊడింది, చువ్వ తుప్పు పట్టిందా, రోజూ ఎంతమంది పిల్లలు దాని కింద కూర్చుంటున్నారు. తీర్మానం చేసి మండల విద్యాధికారి, అదే ఎంఈఓ, ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇంజినీరు వచ్చి చూసి గది పనికొస్తుందో లేదో రాసివ్వాలని అడగండి. అప్పటిదాకా ఆ గదికి తాళం. సిమెంటు పూసి సున్నం కొట్టిస్తే మాత్రం ఒప్పుకోకండి, లోపల చువ్వ తుప్పు అలాగే ఉంటుంది, పైకి కనబడదు అంతే.

కాలర్: గ్రాంటు డబ్బులతో గేటుకు రంగులేయిద్దాం అంటున్నారు సార్. మొత్తం 86 మంది పిల్లలు.

అతిథి: 86 అంటే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బళ్ల పథకం కింద ఏడాదికి 25 వేల దాకా వస్తుంది, 31 నుంచి 100 మంది ఉన్న బళ్లకి అంతే. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. శ్లాబు పని ఆ డబ్బుతో అయ్యేది కాదు, అది వేరే అడగాలి. మీ బాత్రూమ్‌లో కుళాయిలు పనిచేస్తున్నాయా?

కాలర్: రెండు పాడైపోయాయండీ.

అతిథి: ఇంకా గేటుకి రంగు దేనికమ్మా!

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ నల్గొండ జిల్లా నుంచి.

కాలర్: నమస్తే సార్. మా గ్రామ సమాఖ్యకు నేను అధ్యక్షురాలిని, సర్కారు బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల గూడ నేనే ఉన్న. టాయిలెట్ల పని చేసినాయన 'అయిపోయింది అక్కా, బిల్లు మీద సంతకం పెట్టు' అని రోజూ ఇంటికొస్తున్నడు. పోయి చూసిన, కుళాయిలు మెరుస్తున్నయి గని నీళ్లు వస్తలేవు. ఊరోడే సార్, మొహమాటం.

అతిథి: ఆ మొహమాటం ఖరీదు పిల్లలు కడతారమ్మా. ఎస్టిమేట్ కాపీ హెడ్‌మాస్టర్ దగ్గర అడగండి, అందులో ట్యాంకు, మోటారు, పైపులైను ఉన్నాయేమో చూడండి. ఉండి కూడా వేయకపోతే పని అయినట్టు కాదు. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతలు ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించాడా అని అడగండి. ఇంటికొచ్చినప్పుడు సంతకం వద్దు, బడి దగ్గరికే రమ్మనండి, నీళ్లొచ్చాకే పెన్ను తీయండి. ఎస్టిమేట్‌లోనే నీళ్ల లైను లేదంటే తప్పు ఆయనది కాదు, అప్పుడు తీర్మానం రాసి పైకి పంపాలి.

ఒక మాట చెప్పాలి. ఆంధ్రాలో 2019 నవంబర్ 14న ఒంగోలులో ప్రభుత్వ బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు, మొదటి విడత 15,715 బళ్లలో పనులు కాంట్రాక్టరుకి కాకుండా తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. సిమెంటు లోడు వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి లెక్కపెట్టిన తల్లుల్ని చూశాను, అలాంటిచోట పని గట్టిగా ఉంది. కమిటీ పేరుకి ఉండి వెనకాల ఇంకెవరో నడిపిన చోట తేడా కనబడింది. రెండో విడతలో చాలాచోట్ల పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది, అది మాత్రం కమిటీల వల్ల కాదు, బిల్లులు రాక.

వ్యాఖ్యాత: అమెరికా నుంచి కాల్ ఉంది, టెక్సాస్. కొంచెం త్వరగా సార్.

కాలర్: నమస్కారమండీ. మాది గుంటూరు జిల్లా. మా ఊరి హైస్కూల్‌కి తాతగారి పేరు మీద ఆర్చి కట్టిద్దామని...

అతిథి: కమిటీని అడిగారా?

కాలర్: లేదండీ, డబ్బులు మావే కదా.

అతిథి: బాబూ, మీ టెక్సాస్‌లో స్కూల్ బోర్డు బాండ్లు అమ్మి బిల్డింగ్ కట్టాలంటే ఎన్నిక పెట్టి మిమ్మల్ని ఓటు అడుగుతుంది. అక్కడ మీరు ఓటేస్తారు, ఇక్కడికొచ్చేసరికి ఎవర్నీ అడగరా? ముందు వాళ్ల ప్రణాళిక తెప్పించుకుని చూడండి, అందులో ల్యాబు గానీ, ఆడపిల్లలకి బాత్రూములు గానీ ఉంటాయి.

కాలర్: నాన్నగారు ఆర్చి అనే పట్టుబడుతున్నారండీ.

అతిథి: ఆయన్నే ఒకసారి కమిటీ మీటింగ్‌కి పంపండి. ల్యాబ్ గోడ మీద కూడా తాతగారి పేరు రాయొచ్చని నేను చెప్పానని చెప్పండి.