క్యూ అంటే తోక!

నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా, విష్ణు నివాసం దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. బడి ముఖం చూడని అవ్వ కూడా మన ఊళ్లో రోజూ పలికే ఇంగ్లీషు మాట ఒకటుంది. క్యూ.

తెర మీద: క్యూ, యూ, ఈ, యూ, ఈ.

మా క్లాసులో ఒక పాప అడిగింది: "సార్, మొదటి అక్షరం పలికితే సరిపోతోంది కదా, మిగతా నాలుగూ ఎందుకు?"

ఎంత మంచి ప్రశ్న! ఆ స్పెల్లింగ్ ఫ్రెంచిది. ఫ్రెంచిలో ఈ మాటకు ఇప్పటికీ తోక అనే అర్థం. తోకలా వేలాడుతుందని జడనూ క్యూ అన్నారు. ఒకప్పుడు చైనాలో మగవాళ్లు వేసుకున్న పొడుగాటి జడకు ఇంగ్లీషులో ఇదే పేరు. బిలియర్డ్స్ ఆడే కర్ర పేరు కూడా ఇందులోంచే వచ్చింది, స్పెల్లింగ్ మాత్రం కురచైంది: సీ, యూ, ఈ. నాటకంలో నటుడికి అందించే సైగనూ అలాగే రాస్తారు. పరీక్షలో తికమకపడేది ఇక్కడే.

మరి మనుషుల బారు? ఫ్రెంచి విప్లవం నాటి పారిస్‌లో రొట్టెల కొట్ల ముందు జనం బారులు తీరారు. 1837లో థామస్ కార్లైల్ ఆ చరిత్ర రాస్తూ ఈ మాటను ఇంగ్లీషులో వాడాడు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ రొట్టెల కొట్లే గుర్తొస్తాయి.

ఇక వాడుక. "వి వెయిటెడ్ ఇన్ ది క్యూ ఫర్ సిక్స్ అవర్స్": ఆరు గంటలు క్యూలో ఉన్నాం. "డోంట్ జంప్ ద క్యూ": వరుస తప్పి మధ్యలో దూరొద్దు. అమెరికా వాళ్లయితే ఎక్కువగా లైన్ అంటారు. మనం రెండూ కలిపి క్యూలైన్ అంటాం. తెలుగులో అది మన మాటైపోయింది, హాయిగా అనండి. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఒక్కటి చాలు.

ఇంజనీరింగ్ పిల్లలూ, మీ డేటా స్ట్రక్చర్స్‌లో ఉన్నదీ ఇదే. ముందొచ్చినది ముందు వెళుతుంది. హోటల్లో కడిగి పేర్చిన ఇడ్లీ ప్లేట్లు అలా కాదు, చివర పెట్టినదే ముందు చేతికొస్తుంది. అది స్టాక్.

క్రియగానూ వాడొచ్చు: "పీపుల్ ఆర్ క్యూయింగ్ అప్". దీని స్పెల్లింగ్‌లో ఐఎన్‌జీ ముందు ఈ ఉంచినా, తీసేసినా ఒప్పే. ఉంచితే యూ, ఈ, యూ, ఈ, ఐ అని అయిదు అచ్చులు వరుసగా నిలబడతాయి. ఆ పాప బోర్డు మీద రాసి, వేలుపెట్టి లెక్కపెట్టి, "సార్, ఇవి కూడా క్యూలో ఉన్నాయి!" అంది.