బ్రౌజర్ హైజాకర్: తీసేసినా మళ్లీ ఎందుకు వస్తోంది?

[స్క్రీన్ మీద: క్రోమ్ తెరవగానే వచ్చిన కొత్త సెర్చ్ పేజీ]

క్రోమ్ ఓపెన్ చేస్తే గూగుల్ బదులు పేరు కూడా తెలియని సెర్చ్ పేజీ వస్తోందా? సెట్టింగ్స్‌లో మార్చినా, సిస్టమ్ రీస్టార్ట్ చేయగానే మళ్లీ అదే వచ్చి కూర్చుంటోందా? దీన్నే బ్రౌజర్ హైజాకర్ అంటారు. తీయడం కష్టమేమీ కాదు, కానీ ఒక వరుసలో తీయాలి. వరుస తప్పితే చేసిన పనంతా వృథా అవుతుంది.

ముందు ఇది ఎలా వచ్చిందో చూద్దాం. పీడీఎఫ్ కన్వర్టరో, వీడియో డౌన్‌లోడరో ఏదో ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటాం. పని తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం. మధ్యలో ఒక స్క్రీన్‌లో చిన్న అక్షరాల పక్కన టిక్ ముందే పెట్టి ఉంటుంది. ఆ టిక్ తీయకపోతే మనం ఒప్పుకున్నట్టే లెక్క.

దయచేసి ఇందులో తప్పు మీదే అనుకోకండి. ఆ స్క్రీన్‌ను తయారుచేసిందే మనం చదవకుండా దాటిపోవాలని. పెద్ద కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. ఒరాకిల్ సంస్థ జావా అప్‌డేట్‌తో కలిపి ఏళ్ల తరబడి ఆస్క్ టూల్‌బార్‌ను (బ్రౌజర్‌లో వచ్చి కూర్చునే సెర్చ్ పట్టీని) ఇచ్చింది. జావాలో సెక్యూరిటీ లోపం బయటపడిందంటే అప్‌డేట్ చేసుకోక తప్పదు. తప్పనిసరిగా చేసుకోవాల్సిన ఆ అప్‌డేట్‌లోనే ముందే టిక్ పెట్టిన బాక్స్ ఉండేది! 2013లో టెక్ జర్నలిస్ట్ ఎడ్ బాట్ ఇంకో విషయం బయటపెట్టారు. జావా ఇన్‌స్టాల్ పూర్తయినా టూల్‌బార్ వెంటనే దిగేది కాదు, 10 నిమిషాలు ఆగి దిగేది. ఈలోగా ఎవరికైనా అనుమానం వచ్చి కంట్రోల్ ప్యానెల్‌లో వెతికితే ఏమీ కనిపించేది కాదు. చివరికి 2015లో మైక్రోసాఫ్ట్, ఆ టూల్‌బార్ పాత వెర్షన్లను అనవసర సాఫ్ట్‌వేర్ జాబితాలో చేర్చింది.

ఇదంతా డబ్బు కోసమే. ఇలా కలిపి ఇచ్చేవాళ్లకు ఒక్కో ఇన్‌స్టాల్‌కు ఇంత అని ముడుతుంది. ఆపైన మీరు వాళ్ల పేజీలో వెతికి యాడ్ మీద నొక్కిన ప్రతిసారీ వాటా వస్తుంది.

[స్క్రీన్ మీద: విండోస్ సెట్టింగ్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్]

ఇక పనిలోకి దిగుదాం. చాలామంది నేరుగా క్రోమ్ సెట్టింగ్స్‌కు వెళ్తారు. అక్కడ మొదలుపెట్టకండి. దాన్ని తెచ్చిన ప్రోగ్రామ్ విండోస్‌లోనే ఉంటే, మీరు మార్చిన ప్రతి సెట్టింగ్‌నూ అది మళ్లీ తిరగేస్తుంది. అందుకే ముందు ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, తేదీ ప్రకారం సార్ట్ చేయండి. సమస్య మొదలైన రోజుల్లో వచ్చినవి, మీరు కోరి వేసుకోనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ సమయంలో "ఉంచుకోండి" అని బతిమాలే స్క్రీన్లు వస్తాయి, బటన్లు తారుమారుగా ఉంటాయి. ఇక్కడ మాత్రం ప్రతి మాటా చదవండి. తర్వాత మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్‌తో ఒకసారి స్కాన్ చేయండి. అది ఫ్రీ. కానీ వాళ్ల సొంత సైట్ నుంచే తీసుకోండి, సెర్చ్‌లో పైన కనిపించే యాడ్ నుంచి వద్దు.

అప్పుడు క్రోమ్. తెలియని ఎక్స్‌టెన్షన్లు (క్రోమ్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) తీసేసి, సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కండి. బుక్‌మార్క్‌లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. సైట్లలో మళ్లీ లాగిన్ అవ్వాల్సి ఉంటుంది, అంతే.

ఎక్స్‌టెన్షన్ పక్కన రిమూవ్ బటనే పనిచేయడం లేదా? మొండి కేసు ఇదే. క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందేమో చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది మామూలే, ముట్టుకోకండి, ఐటీ వాళ్లకు చెప్పండి. ఇంట్లో సొంత సిస్టమ్‌లో కనిపిస్తే మాత్రం అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలా పెడతాయి కాబట్టి, అడ్రస్ బార్‌లో ఇప్పుడు స్క్రీన్ మీద చూపిస్తున్న పాలసీ పేజీ అడ్రస్ (chrome://policy) టైప్ చేసి లోపల ఏముందో చూడండి. ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా వేసే పాలసీ కనిపిస్తే అది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట ఉంటుంది. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని, బ్యాకప్ తీసుకున్నాకే దాన్ని తొలగించండి.

[స్క్రీన్ మీద: క్రోమ్ షార్ట్‌కట్, ప్రాపర్టీస్]

ఎక్కువమంది చూడని చోటు ఇంకోటి ఉంది, డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ అనే గడి చివర ఏదైనా వెబ్‌సైట్ అడ్రస్ తగిలించి ఉంటే, ఆ ముక్క చెరిపేయండి. టాస్క్‌బార్ మీది ఐకాన్‌కూ ఇదే. ఇంట్లో రెండో కంప్యూటర్ కూడా అదే అకౌంట్‌తో సింక్ అవుతుంటే దాన్నీ శుభ్రం చేయండి, లేదంటే ఎక్స్‌టెన్షన్ అటునుంచి తిరిగొస్తుంది.

మళ్లీ రాకుండా విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ తెరిచి, అనవసర యాప్‌లను అడ్డుకునే స్విచ్ ఆన్ చేయండి.

చివరిగా పాస్‌వర్డ్‌ల సంగతి. మీరు తీసేసిన ఎక్స్‌టెన్షన్‌కు అన్ని సైట్లలోని డేటా చదివే అనుమతి ఉంటే, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఈరోజే మార్చండి. "మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని పాపప్ వస్తే ఆ నంబర్‌కు చేయకండి. ఇప్పటికే చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే, ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.