షార్ప్ నోస్ భుజం మీద పట్టీలు: అరపాహో పాత ఫొటోలు ఎలా చూడాలి?

(తెర మీద: షార్ప్ నోస్ ఫొటో, 1884)

ఈయన పేరు షార్ప్ నోస్, అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకటైన ఉత్తర అరపాహోల నాయకుడు. ముందు ముఖం కాదు, భుజాలు చూడండి. అవి అమెరికా సైన్యంలో కెప్టెన్‌కి ఉండే పట్టీలు. 1864 నవంబర్‌లో కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర అరపాహో, షైయెన్ తెగల కుటుంబాలను ఊచకోత కోసింది అమెరికా సైనికులే కదా, మరి ఆ గుర్తులతో ఈయన ఫొటో దిగడమేంటి?

లొంగిపోయాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పొరపాటే. 1876లో ఈయన అమెరికా సైన్యంలోని జనరల్ క్రూక్ దగ్గర స్కౌట్‌గా, అంటే సైన్యానికి దారి చూపే మనిషిగా పనిచేశాడు. సైన్యం పెద్దలతో మంచిగా ఉంటే తమ వాళ్లకి కాస్త నేల దక్కుతుందన్నది అరపాహో నాయకుల లెక్క. 1878లో వాళ్లను వ్యోమింగ్‌లోని విండ్ రివర్‌కి పంపారు, అదీ పాత శత్రువులైన షోషోనీ తెగవాళ్ల రిజర్వేషన్‌కి, అంటే ప్రభుత్వం ఆ తెగకి కేటాయించిన నేలకి, ప్రస్తుతానికి ఇక్కడ సర్దుకోండి అన్నట్టు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఇంకో సంగతి తెలిశాక మాత్రం నేను ఈ ఫొటోని మామూలుగా చూడలేకపోయాను. ఈయన కొడుకు లిటిల్ చీఫ్‌ని 1881లో ఎక్కడో పెన్సిల్వేనియాలో ఉన్న కార్లైల్ బోర్డింగ్ స్కూల్‌కి తీసుకెళ్లారు. పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వని స్కూలది. అక్కడి ఫొటోగ్రాఫర్ జాన్ చోట్ పిల్లలు వచ్చినప్పుడు వాళ్ల బట్టల్లో ఒక ఫొటో, కొన్నాళ్లకి యూనిఫాంలో ఇంకో ఫొటో తీసేవాడు. చూడండి ఎంత మారిపోయారో అని స్కూలుకి ప్రచారమన్నమాట. లిటిల్ చీఫ్ 1883లో అక్కడే చనిపోయాడు. అంటే మనం చూస్తున్న తండ్రి ఫొటో ఆ మరుసటి ఏడాదిది. ఆ అబ్బాయి అవశేషాలు విండ్ రివర్ చేరింది 2017లో.

(తెర మీద: పూసల పని, దగ్గరి నుంచి)

ఇప్పుడు కాస్త టెక్నికల్ విషయం. అప్పట్లో ఫొటోలు తీసే గాజు ప్లేట్లకి ఎరుపు రంగు సరిగా పట్టేది కాదు, నీలమేమో అతిగా పట్టేది. అందుకే ముఖానికి పూసుకున్న ఎర్ర రంగు ప్రింటులో నల్లగా వస్తుంది, నీలం పూసలు తెల్లగా పాలిపోతాయి. అరపాహోలకి ఎర్ర రంగు ఊరికే అలంకారం కాదు, పూజాదికాల్లో దానికి పెద్ద స్థానం ఉంది. ఫొటోలో అది మసి పూసుకున్నట్టు కనిపిస్తుంది, ఖర్మ! పూసల డిజైన్లదీ అదే తంతు. మానవ శాస్త్రవేత్త క్రోబర్ అవి కుట్టే అరపాహో స్త్రీలనే అడిగి 1902లో రాశాడు: ఒకే త్రికోణం ఒకామెకి గుడారమైతే ఇంకొకామెకి కొండ. కుట్టినామెని అడగందే తెలియదు, ఫొటో కింద ఆమె పేరే ఉండదు.

ఆదివాసుల ఫొటోలతో సంపుటాలు వేసిన ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ గురించి ఒక్క మాట. అరపాహోల ఫొటోలున్న ఆయన 1911 నాటి ఆరో సంపుటంలోనే పీగన్ తెగవాళ్ల గుడారం ఫొటో ఉంది. నెగెటివ్‌లో గడియారం ఉంది, అచ్చులో మాయం. అడవి మనుషుల దగ్గర గడియారమేంటని కాబోలు!

ఇక సన్ డ్యాన్స్, అరపాహోల పవిత్ర క్రతువు. 1901, 1902లలో మానవ శాస్త్రవేత్త జార్జ్ డోర్సీ ఓక్లహోమాలో ఆ క్రతువు చూసి, ఫొటోలతో సహా పుస్తకం వేశాడు. ఈరోజు విండ్ రివర్‌లో ఆ క్రతువు దగ్గరికి కెమెరా తీసుకెళ్లనివ్వరు. డోర్సీ ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, కానీ ఈ వీడియోలో వేయడం లేదు.