మనమా, మేమా?

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషువాళ్లు 'వీ' అని ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట తెలుగుకు రెండు మాటలున్నాయి. వినేవాళ్లను కూడా కలుపుకుంటే మనం, వాళ్లను పక్కన పెడితే మేము. కెనడాలో అదే మాట పేరుగా పెట్టుకున్న సేవాసంస్థ ఒకటుండేది, వీ చారిటీ. 2020 వేసవిలో దాని గురించి అక్కడి పార్లమెంటులో జరిగిన గొడవంతా చదివితే నాకు ఈ మనం, మేము తేడాయే గుర్తొచ్చింది.

సంస్థ పుట్టుక మంచిదే. 1995లో టొరంటో దగ్గర క్రెయిగ్ కీల్‌బర్గర్ అనే 12 ఏళ్ల పిల్లవాడు పేపర్లో ఒక వార్త చదివాడు. పాకిస్తాన్‌లో తివాచీల మగ్గం దగ్గర వెట్టి చేసి, బయటపడి, బాలకార్మికుల కోసం గొంతెత్తిన ఇక్బాల్ మసీహ్ అనే కుర్రాణ్ణి కాల్చి చంపారని. క్లాసులో పిల్లల్ని పోగేసి సంస్థ పెట్టాడు. అన్న మార్క్ కూడా కలిశాడు. పాతికేళ్లలో అది దేశమంతా బడిపిల్లలకు తెలిసిన పేరైంది. వాళ్లు స్టేడియంలలో జరిపిన 'వీ డే' సభలకు టికెట్టు డబ్బు పెట్టి కొనడం కుదిరేది కాదు. ఏదో ఒక సేవ చేసిన పిల్లలకే ప్రవేశం ఉండేది.

కొవిడ్ వచ్చింది. వేసవిలో చిన్నాచితకా ఉద్యోగాలు చేసి ఫీజులు కట్టుకునే కాలేజీ పిల్లలకు పని లేకుండా పోయింది. ఏప్రిల్ 22న ప్రధాని జస్టిన్ ట్రూడో విద్యార్థుల కోసం ప్రకటించిన సాయంలో ఒక పథకం ఇది: సేవాసంస్థల్లో స్వచ్ఛందంగా 100 గంటలు పనిచేస్తే 1,000 డాలర్లు. అలా 500 గంటలకు 5,000 వరకు. పథకానికి అనుకున్న మొత్తం 91 కోట్ల 20 లక్షల డాలర్లు. నడిపే బాధ్యత వీ చారిటీకి ఇస్తున్నట్టు జూన్ 25న చెప్పారు.

లెక్క వేస్తే గంటకు 10 డాలర్లు. అప్పట్లో అక్కడి ఒంటారియో రాష్ట్రంలో కనీస వేతనమే గంటకు 14. మనలో చాలామంది ఎన్నెస్సెస్ క్యాంపులకు వెళ్లినవాళ్లమే. రెండేళ్లలో 240 గంటలు, చివర ఒక సర్టిఫికెట్. గుడి ముందు గడ్డి పీకినా, ఊరికి రోడ్డు వేసినా కూలి అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు కూడా. అది సేవ. కూలి అయితే కూలే, దానికో రేటుంటుంది. గంటకు ఇంత అని కట్టి, ఆ రేటు కూలి కన్నా తక్కువ పెట్టి, పైన సేవ అని పేరు రాస్తే దాన్ని ఏమనాలి? కెనడాలో స్వచ్ఛంద సేవను ప్రోత్సహించే వాలంటీర్ కెనడా అనే సంస్థ ఈ పద్ధతి నచ్చకే పథకానికి దూరంగా ఉంది.

ఇంతకీ గొడవ రేటు గురించి కాదు. టెండరు లేదు. ఇంత తక్కువ వ్యవధిలో దేశమంతా నడపగలిగేది వీ చారిటీ ఒక్కటేనని అధికారులు సిఫారసు చేశారు. నిర్వహణ ఖర్చు కింద సంస్థకు 4 కోట్ల 35 లక్షల డాలర్ల దాకా వస్తాయి. అంత సమర్థత ఉందన్న సంస్థ ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో పని నడపడానికి మరో కంపెనీ సాయం వెతుక్కుంది. వీ చారిటీ బోర్డు అధ్యక్షురాలు, ఉద్యోగుల తొలగింపుకు సంబంధించిన లెక్కలు బోర్డుకు చూపించడం లేదంటూ ఆ మార్చిలోనే తప్పుకున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టింది కూడా వీ చారిటీ కాదు, ఫౌండేషన్ పేరుతో ఉన్న దాని అనుబంధ సంస్థ.

తర్వాత చుట్టరికాలు బయటికొచ్చాయి. ట్రూడో తల్లికి ఆ సంస్థ సభల్లో ప్రసంగాలకు కొన్నేళ్లలో దాదాపు రెండున్నర లక్షల డాలర్లు ముట్టాయి. తమ్ముడికి 32 వేలు. ఆర్థికమంత్రి బిల్ మోర్నో కూతురు ఆ సంస్థలోనే ఉద్యోగి. 2017లో ఆయన కుటుంబం కెన్యా, ఈక్వడార్‌లలో ఆ సంస్థ పనులు చూసి వచ్చింది. ఆ ప్రయాణాల ఖర్చులో సంస్థ భరించిన 41,366 డాలర్లకు ఆయన చెక్కు రాసింది 2020 జులై 22న, పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబోయే రోజున.

మా ఊళ్లో పంచాయితీకి కూర్చునే పెద్దమనుషులు ఏ చదువూ లేనివాళ్లు. అయినా తన వియ్యంకుడి తగాదా వస్తే, "ఇది మావాళ్ల వ్యవహారం, నేను మాట్లాడను" అని కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయేవారు. ట్రూడో, మోర్నో మంత్రివర్గంలో ఆ చర్చ నుంచి లేచి రాలేదు. జులై 13న ఇద్దరూ క్షమాపణ చెప్పారు. అప్పటికే, జులై 3న, వీ చారిటీ పథకం నుంచి తప్పుకుంది. ముందుగా అందిన 3 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది. ఆగస్టు 17న మోర్నో రాజీనామా చేశారు. మర్నాడే పార్లమెంటు సమావేశాలు ముగించేశారు. సెప్టెంబరులో, కెనడాలో తమ పని ముగిస్తున్నామని సంస్థ ప్రకటించింది. ఏడాది తిరిగేలోగా పదవుల్లో ఉన్నవాళ్ల నడవడిని విచారించే నీతి కమిషనర్ మారియో డియాన్ నివేదిక వచ్చింది: మోర్నో నిబంధనలు ఉల్లంఘించారు, ట్రూడో ఉల్లంఘించలేదు.

ఆ పిల్లల సంగతి? వేసవి అయిపోయింది. పథకం నడవనే లేదు.

కెనడాకు ఇలాంటి పథకాలు కొత్త కాదు. 1977లో జాక్ ఎబేర్ అనే ఆయన కటిమావిక్ అని ఒకటి మొదలుపెట్టారు. యువతీ యువకులు ఊరుకాని ఊళ్లో కలిసి ఉండి పనిచేయాలి. చేతి ఖర్చుకు రోజుకు ఒక డాలరు. ఎబేర్ అప్పటి ప్రధాని పియర్ ట్రూడోకు, అంటే జస్టిన్ తండ్రికి, పాత స్నేహితుడే. అదీ చుట్టరికమే అనుకోండి. కానీ 1986లో కొత్త ప్రభుత్వం డబ్బు ఆపేస్తే, సెనేటర్‌గా ఉన్న ఎబేర్ సెనేట్ భవనం ముందు గదిలో అందరూ చూస్తుండగా 21 రోజులు నిరాహారదీక్ష చేశారు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. తర్వాత మళ్లీ నిధులు వచ్చాయి, 2012లో మళ్లీ ఆగాయి.

2002 నుంచి 2006 దాకా ఆ కటిమావిక్ బోర్డుకు అధ్యక్షుడు జస్టిన్ ట్రూడోయే.

సెలవు. నమస్కారం.