ఆ ఎల్స్ కింద ఏం రాశారు?

అందరికీ నమస్కారం. ధన్యవాదాలూ అవీ చివర్లో చూసుకుందాం, నాకిచ్చిన టైమ్ తక్కువ, కడుపులో మంట ఎక్కువ.

"జామెట్రీ ఆబ్జెక్ట్ ఏ రకమో కనుక్కోవడం ఎలా" అని టాపిక్ ఇచ్చారు. జవాబు ఒక్క ముక్క. మ్యాప్ మీది ఆకారాలతో లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ షేప్లీలో అయితే జియోమ్_టైప్ చూడండి, 'పాలిగాన్' (మూసుకున్న బహుభుజి) అనో 'లైన్‌స్ట్రింగ్' (గీత) అనో స్ట్రింగ్ వస్తుంది. అలాంటి ఆకారాల్ని పట్టికగా పెట్టే జియోపాండాస్‌లో అదే పేరుతో కాలమ్ మొత్తానికీ వస్తుంది. అయిపోయింది, కానీ నేనొచ్చింది ఇది చెప్పడానికి కాదు.

ఒక టీమ్, పేరెందుకు లెండి, వరద ముంపు లెక్క వేసింది. ఏ ప్రాంతంలో ఎంత విస్తీర్ణం మునిగింది అని. కోడ్‌లో ఏముందయ్యా అంటే, రకం పాలిగాన్ అయితే విస్తీర్ణం కలుపు, లేదంటే, అదే ఎల్స్ కింద, వదిలేసి ముందుకు పో. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, రిపోర్టు రంగురంగులుగా వచ్చింది. అందులో దీవులున్న ప్రాంతం ఒక్కటంటే ఒక్కటి లేదు! ప్రధాన భూభాగం ఒక ముక్క, దీవులు వేరే ముక్కలు, అన్నీ కలిస్తే దాని రకం పాలిగాన్ కాదు, మల్టీపాలిగాన్ కదా. చుట్టూ నీళ్లున్నవాళ్లే ముంపు లెక్కలో లేకుండా పోయారు.

అడిగితే "అన్నీ పాలిగాన్లే సార్, చూసే రాశాం" అన్నారు. ఎక్కడ చూశారు? మ్యాప్ డేటా దాచే షేప్‌ఫైల్ హెడర్‌లో, అంటే ఫైలు మొదట్లో ఉండే వివరాల్లో! మీలో షేప్‌ఫైల్ వాడేవాళ్లు చేతులెత్తండి. ఇంతమందే! 1998 నాటి ఆ స్పెసిఫికేషన్‌లో మల్టీపాలిగాన్ అని వేరే రకమే లేదండీ, ఒక ముక్క ఉన్నా పది ముక్కలున్నా కోడ్ 5 ఒక్కటే. చదివాక లైబ్రరీ ముక్కల్ని బట్టి ఒక్కో రికార్డుకి పాలిగాన్ అనో మల్టీపాలిగాన్ అనో రకం ఇస్తుంది. కాబట్టి హెడర్ కాదు, చదివాక జియోమ్_టైప్ మీద వాల్యూ_కౌంట్స్ కొట్టి ఏ రకం ఎన్ని ఉన్నాయో చూడాలి.

ఇంకా కడుపు మండే సంగతి చెప్పనా? ఏరియా అనే ప్రాపర్టీ మల్టీపాలిగాన్‌కి కూడా నేరుగా పనిచేస్తుంది. ఆ ఇఫ్ అసలు రాయకపోయి ఉంటే లెక్క సరిగ్గానే వచ్చేది!

సరే, స్లైడ్లు పక్కన పెట్టేస్తున్నా. డేటా శుభ్రంగా ఉన్నా రకం మధ్యలో మారుతుంది, అది చెప్పాలి. రెండు పాలిగాన్ల ఇంటర్‌సెక్షన్, అంటే రెండిటికీ ఉమ్మడి భాగం, తీయండి. అంచులు ఆనుకుంటే లైన్ వస్తుంది, మూల మాత్రమే తగిలితే పాయింట్, ఒకచోట కలిసి ఇంకోచోట తగిలితే రకరకాల ఆకారాల మూట, జామెట్రీకలెక్షన్. అసలు తగలకపోతే? షేప్లీ కొత్త వెర్షన్లలో ఖాళీ పాలిగాన్ వస్తుంది, రకం అడిగితే దర్జాగా 'పాలిగాన్' అంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఖాళీనా కాదా అని ఇజ్_ఎంప్టీ కూడా అడగాలి.

ఇది ఫలానా క్లాస్‌దేనా అని అడిగే ఇజ్‌ఇన్‌స్టెన్స్ వాడితే సరిపోదా అంటారు. వాడండి, కాకపోతే లీనియర్‌రింగ్ (మొదలూ చివరా కలిసిన గీత) అనేది లైన్‌స్ట్రింగ్‌కి సబ్‌క్లాస్, లైన్‌స్ట్రింగేనా అంటే అది కూడా ట్రూ అంటుంది. మల్టీపాలిగాన్ మాత్రం పాలిగాన్‌కి ఏమీ కాదు. నంబర్లతో పోల్చడం మాత్రం వద్దు బాబూ, షేప్లీ టైప్ ఐడీల్లో పాయింట్ 0, ఆకారాల్ని బైనరీగా రాసే డబ్ల్యూకేబీ ఫార్మాట్‌లో 1. మ్యాప్ డేటా దాచుకునే డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లో ఇంకో తమాషా, ఎస్టీ_జామెట్రీటైప్ 'ఎస్టీ_పాలిగాన్' అని ఇస్తుంది, ముందు ఎస్టీ లేని జామెట్రీటైప్ ఏమో అన్నీ పెద్దక్షరాల్లో. షేప్లీ అలవాటుతో పోల్చారంటే రెండూ ఎప్పటికీ ట్రూ కావు, క్వెరీ మాత్రం నడిచిపోతుంది.

ముక్కలు విడిగా కావాలంటే షేప్లీలో గెట్_పార్ట్స్ ఉంది, ఒకే ముక్క ఉన్నా పనిచేస్తుంది, దానికి ఇఫ్ అక్కర్లేదు. ఇంటర్‌సెక్షన్ నుంచి పాలిగాన్లే కావాలంటే పోస్ట్‌జీఐఎస్‌లో ఎస్టీ_కలెక్షన్‌ఎక్స్‌ట్రాక్ట్‌కి 3 ఇవ్వండి. మిగతా చోట్ల ఎల్స్ కింద టైప్‌ఎర్రర్ రెయిజ్ చేయండి, వచ్చిన రకం పేరూ రికార్డు ఐడీ రెండూ అందులో పెట్టండి. ప్రోగ్రామ్ అర్ధరాత్రి ఆగిపోతుందని టెన్షన్ పడతారు, ఆగనివ్వండి! తప్పుడు లెక్క పైవాళ్ల టేబుల్ మీదికి వెళ్లడం కన్నా అదే నయం.

గంట కొట్టేశారు. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తెరిచి, మీ కోడ్‌లో 'పాలిగాన్' అని వెతకండి. కింద వదిలేసి ముందుకు పొమ్మనే పాస్ అనో కంటిన్యూ అనో దొరికితే మొదటి మైకు మీకే.