గన్నవరం టు డల్లాస్: 16 గంటలా, 35 గంటలా?

నమస్కారం అండీ. ముందు ఈ గ్లోబు చూడండి. ఇది మా అమ్మ పూలు కట్టుకునే దారం. ఒక కొస గన్నవరం మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగుతున్నాను. ఎటు జరిగిందో చూశారా? ఉత్తర ధ్రువాన్ని దాదాపు తాకుతూ, రష్యా, కెనడాల మీదుగా దిగింది. ఈ దారి సుమారు 14,500 కిలోమీటర్లు.

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, టైమ్ చెప్పే సైట్లు కొలిచేది ఈ దారాన్నే. దాన్ని విమానం వేగంతో, అంటే గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తే 16 గంటలు. దూరం లెక్క కరెక్టే. ఆ టైమ్ చూసి మాత్రం అమ్మానాన్నల ప్రయాణం ప్లాన్ చేయకండి.

మేము వెళ్లింది హైదరాబాద్, దుబాయ్ మీదుగా. శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి డల్లాస్ 12,900. గాల్లో తిరిగిందే 15,450. మంగళవారం సాయంత్రం 4 గంటలకు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కారెక్కాం. శంషాబాద్‌కి ఐదున్నర గంటలు, అక్కడ మూడున్నర గంటల వెయిటింగ్, దుబాయ్‌కి 4 గంటలు, మళ్లీ మూడున్నర గంటలు ఆగడం, ఆపైన ఏకబిగిన 16 గంటలు. ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యి చెల్లి ఇంటికి చేరేసరికి అక్కడ బుధవారం సాయంత్రం 4 దాటింది. గోడ గడియారం ప్రకారం ఒక్క రోజే! అమ్మ వాచీలో మాత్రం అర్ధరాత్రి దాటి రెండుముప్పావు. ఎండాకాలంలో మనకూ డల్లాస్‌కూ తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ఇంటి నుంచి ఇంటికి మొత్తం కలిపితే దాదాపు 35 గంటలు.

ఆ 16 గంటల ఫ్లైట్ గురించి కొంచెం చెప్పాలి. పదో గంటకల్లా అమ్మ పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. అందుకే నడవా పక్క సీటు తీసుకోండి, రెండు గంటలకోసారి లేపి నడిపించండి.

ఇక మధ్యలో ఆగే టైమ్. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. పోయినసారి అమ్మ ఒక్కతే వెళ్లినప్పుడు ఏజెంట్ మాట విని గంటంపావు గ్యాప్ ఉన్న టికెట్ తీసుకున్నాం. మొదటి ఫ్లైట్ 40 నిమిషాలు లేటు. మళ్లీ సెక్యూరిటీ చెక్, ఇంకో టెర్మినల్... గేటు మూసేశారు. ఇంగ్లీషు రాని మనిషి, తర్వాతి ఫ్లైట్ దాకా పదకొండు గంటలు కుర్చీలోనే కూర్చుంది. ఇక్కడ మా టెన్షన్ చెప్పలేను. గ్యాప్ మూడు గంటలకు తగ్గనివ్వకండి. వీల్‌చైర్ టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి, దానికి డబ్బులు తీసుకోరు.

తిరుగు ప్రయాణంలో డల్లాస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే పట్టింది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలి విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. సీటు ముందు స్క్రీన్‌లో వేగం గంటకు 1,000 దాటగానే అమ్మ నా మోచెయ్యి తట్టి చూపించింది.